పళ్లెం కింద దాచిన మాటలు

"పాప తగ్గిపోతోంది. మన కళ్లముందే తగ్గిపోతోంది. లోపల ఎక్కడో ఏదో జరుగుతోంది, మనకే తెలియడం లేదు."

ఈ మాట అన్నది ఫిజిక్స్ మాస్టారు. కాలేజీలో పాఠం చెబుతాడు కాబట్టి వయసు ముప్పై దాటకపోయినా ఇంటా బయటా అందరికీ అతను మాస్టారే. విన్నది అతని భార్య. రెండున్నర నెలల పాపను భుజాన వేసుకుని వీపు నిమురుతూ గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. పాప ఆ భుజం మీద నుంచి నాన్న వైపు చూసి బోసినవ్వు నవ్వింది. మాస్టారు చూడలేదు. అతని కళ్లు బల్ల మీదున్న గ్రాఫు కాగితం మీద ఉన్నాయి.

పాప పుట్టిన రోజు నుంచి వారం వారం క్లినిక్‌లో తూయించిన బరువులన్నీ ఆ కాగితం మీద పెన్సిలు చుక్కలయ్యాయి. చుక్కలు ఒక్కో మెట్టే ఎక్కుతూ చక్కగా పైకి వచ్చి, చివరి దాని దగ్గర కాలు జారాయి. పోయిన సోమవారం నాలుగు కిలోల తొమ్మిది వందలు. ఈ సోమవారం నాలుగు కిలోల ఎనిమిది వందలు.

"వారానికి వంద గ్రాములు. ఈ గీతను ఇలాగే పొడిగిస్తే..."

"పొడిగిస్తే?"

"నలభై ఎనిమిది వారాలు."

"నలభై ఎనిమిది వారాలకి ఏమవుతుంది? పాప మాయమైపోతుందా? అయితే ఉయ్యాల ఎవరికివ్వాలో ఇప్పుడే చెప్పండి, మాట ఇచ్చేస్తాను."

నవ్వుతూనే అంది గానీ, వీపు నిమిరే చెయ్యి ఆగిపోయింది. మెల్లగా, "నా భుజం మాత్రం వేరే మాట చెబుతోంది. పోయిన వారం కన్నా ఎక్కువ లాగుతోంది" అంది.

భుజం చెప్పే మాటల్ని గ్రాఫులో వేసే రకం కాదు మాస్టారు.

డాక్టరమ్మ సోమవారమే తేల్చి చెప్పింది. గురువారం పొద్దున పాపకు రక్తపరీక్ష, ఆ రోజు నుంచే డబ్బా పాలు. "తల్లిపాలు చాలడం లేదేమో" అని కూడా అంది. ఆ ముక్క దగ్గర నుంచి భార్య పాలిస్తున్నంతసేపూ గోడ గడియారం చూస్తోంది. ఏడుపు బయటికి వినపడకుండా స్నానాల గదిలో కుళాయిని అవసరమైన దానికన్నా ఎక్కువసేపు తిప్పి ఉంచుతోంది. మాస్టారికి రక్తపరీక్ష సూది ఎంత పొడవుంటుందో కూడా తెలుసు. తెలిసినకొద్దీ భయం పెరిగిందే తప్ప తరగలేదు.

బుధవారం మధ్యాహ్నం అతనికి ఒక ఆలోచన వచ్చింది. పసిపిల్లల్ని తూచే కాటా ఒకటి కొని ఇంట్లోనే పెట్టుకుంటే? పాలకు ముందొకసారి, తర్వాత ఒకసారి తూయొచ్చు. రోజుకి పదహారు చుక్కలు పెట్టొచ్చు. క్లాసు అవగానే కాటాలు బాగుచేసే ఒక ముసలాయన కొట్టుకు వెళ్లాడు.

కొట్టు వీధి మట్టం కన్నా మూడు మెట్లు కిందికి ఉంది. లోపల నూనె వాసన, ఇత్తడి తోమిన వాసన. కప్పు నుంచి గొలుసులు వేలాడుతున్నాయి. ఒకదాంట్లో ఒకటి దూర్చిన పళ్లేలు మూలన నిలువెత్తున ఉన్నాయి. అరమీద తూకపు రాళ్లు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా, ఫోటోకి నిలబడిన కుటుంబంలా వరసగా ఉన్నాయి. మధ్యలో బల్ల, దాని మీద అద్దాల పెట్టెలో బంగారం తూచే సన్నపాటి తక్కెడ. చుట్టూ ఏడెనిమిది మంది చాపల మీద కూర్చుని, నోరు మెదపకుండా దాని వంకే చూస్తున్నారు.

మాస్టారు మూడో మెట్టు దిగేసరికి బల్ల వెనకున్న ముసలాయన వేలెత్తాడు.

"అక్కడే కూర్చో నాయనా. నువ్వు అడుగేస్తే ముల్లు వణుకుతోంది."

మాస్టారు మెట్టు మీదే చతికిలబడ్డాడు. అద్దాల పెట్టె తలుపు తెరిచే ఉంది. అలా తెరిచి పెడితే మనిషి ఊపిరికి కూడా పళ్లెం ఊగుతుందని అతనికి తెలుసు. కాలేజీ ల్యాబులో ఆ తలుపు మూయనందుకే కుర్రాళ్లను ఎన్నోసార్లు తిట్టాడు. ఇక్కడ ఎనిమిది మంది ఊపిరి తీస్తున్నారు, వదులుతున్నారు, పళ్లెం కదలడం లేదు.

ముల్లు పూర్తిగా నిలిచాక ముసలాయన పెట్టె తలుపు మూశాడు. అందరూ ఒళ్లు విరుచుకున్నారు.

ఆయన్ని జనం కాటా తాత అంటారు. బాబా అని పిలవబోయిన వాళ్లను, "తాత చాలు, మనవళ్లున్నారు, ఆ మాటకి సాక్ష్యం ఉంది" అని ఆపేస్తాడు. డెబ్బై రెండేళ్లు. మనిషి పొడుగు, బక్కపలచన. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉంటాయి. మెడలో దారానికి ఒక భూతద్దం, దాని పక్కనే నల్లటి సీసం ముక్క. వారంలో ఆరు రోజులు కాటాలు బాగుచేస్తాడు. బుధవారం మధ్యాహ్నం మాత్రం పని ఆపి, తన దగ్గరికొచ్చే వాళ్లతో ఇలా కూర్చుంటాడు. ఆయన సూఫీ. దేవుణ్ణి చెలికాడిగా తలుచుకుంటూ, ప్రతి ఊపిరిలోనూ ఆ పేరు లోలోపల పలకడమే ఆయన నేర్పే సాధన. ఉపన్యాసం ఉండదు. పెట్టె తలుపు తెరిచి, పళ్లెం కదలనంత మెత్తగా ఆ పేరు పలకమంటాడు, అంతే. బుర్రలో కోపమో దిగులో ఉంటే ఊపిరి బరువెక్కుతుంది, పళ్లెం ఊగుతుంది. "నేను తప్పు పట్టక్కర్లేదు, పళ్లెమే పడుతుంది. నాకు గొంతు నొప్పి తప్పింది" అంటాడు.

"ఇప్పుడు చెప్పు నాయనా. ఏం కావాలి?"

"పసిపిల్లల్ని తూచే కాటా ఉందా తాతా?"

"ఆస్పత్రికా?"

"ఇంటికి."

"ఇంట్లో ఎంతమంది పసివాళ్లు?"

"ఒకతే."

చాపల మీద ఎవరో కిసుక్కుమన్నారు. తాత మాత్రం నవ్వలేదు. "ఒక్క పిల్లకి కాటా ఎందుకు? ఎత్తుకుంటే చేతికి తెలియదూ?"

"చేతికి గ్రాములు తెలియవు కదా తాతా. ఈ వారం వంద తగ్గింది. రేపు పొద్దున రక్తం తీస్తారట."

"ఎక్కడ తూచారు?"

"ఈ వీధి చివర క్లినిక్‌లో."

తాత నిటారుగా కూర్చున్నాడు. "అది నేను సరిచేసిన కాటా. ఏడాది కిందట నా చేతులతో కూర్చాను. నా కాటా తప్పు చెప్పదు నాయనా. వంద తగ్గిందని అంటే వంద తగ్గినట్టే."

లోలోపల ఒక మూల, ఈ ముసలాయన "కాటాదే తప్పు" అంటాడేమోనని ఆశ ఉండేదని మాస్టారికి అప్పుడే అర్థమైంది, అది పోయాక.

అంతలో చాపల వెనక వరసలోంచి దగ్గు వినిపించింది. దగ్గినాయనకు పక్క వీధిలో అచ్చు ప్రెస్సు ఉంది. ఇరవై ఏళ్లుగా తాతకు శిష్యుడు. అందరూ ప్రెస్సాయన అంటారు.

"గురువుగారూ... ఆ క్లినిక్ కాటా పళ్లెం కింద చిన్న పెట్టె ఉంటుంది చూడండి... అందులో కాగితం... నేను తీశాను."

"కాగితం తీశావా? ఏ కాగితం?"

"మీరు రాసిందే. పద్యం."

"మరి అందులో సీసం?"

"అదీ తీశాను. డబ్బాలో భద్రంగా ఉంది. కాగితం ఎగిరిపోకుండా బరువు పెట్టారనుకున్నాను."

తాత ముందుకు వంగి అడిగాడు. "ఒక్క క్లినిక్‌దేనా?"

"అరవై ఒకటి."

"అరవై ఒక్క కొట్లా!"

"అందుకేనా నిన్న మా వీధి కూరల కొట్టు దగ్గర అంత గొడవ!" అన్నాడు ముందు వరసలోని దర్జీ. "కాలర్లు పట్టుకున్నారు. చించింది వాళ్లు, కుట్టింది నేను."

జరిగింది ఇదీ. ఏ కాటాకైనా రెండు వైపులా పుట్టుకతోనే కాస్త తేడా ఉంటుంది. తేలిక వైపున పళ్లెం కింద చిన్న సీసం ముక్క పెట్టి ఆ తేడా సరిచేస్తారు. పనివాళ్లు దాన్ని ధడా అంటారు. తాత ప్రతి ధడానూ ఒక కాగితంలో చుట్టి, దారం కట్టి పెట్టేవాడు. ఆ కాగితం లోపలి వైపు రెండు వరసల కవిత ఉండేది. ఇది ఆయన శిష్యులకు తెలుసు, కొట్ల వాళ్లలో కొందరికి తెలుసు. ఇంకెక్కడా ఆయన ఏమీ రాసుకోలేదు. వాటిని పుస్తకంగా వేస్తానని ప్రెస్సాయన ఏళ్ల తరబడి బతిమాలుతున్నాడు. తాత ఒప్పుకోలేదు. "నా మాటలకి ఉద్యోగం ఉంది. పనిలో ఉన్నవాణ్ణి పట్టుకొచ్చి అద్దాల బీరువాలో కూర్చోబెడతావా?" అనేవాడు. ఆయనకు వయసు మీద పడుతోంది, ఎప్పుడేమవుతుందోనని ప్రెస్సాయనకు బెంగ పట్టుకుంది. పది రోజుల పాటు కొట్టు కొట్టూ తిరిగి, గురువుగారు పంపారని చెప్పి, పళ్లేల కింద చెయ్యి పెట్టి అన్నీ తీసుకొచ్చాడు. క్లినిక్‌లోది తీసింది పోయిన శనివారం.

"చదివి, రాసుకుని, మళ్లీ అక్కడే పెట్టెయ్యొచ్చు కదయ్యా!" అన్నాడు దర్జీ.

ప్రెస్సాయన తెల్లబోయాడు. "అది... తోచలేదు. గురువుగారి చేతిరాత కదా అని..."

తాత అప్పటికే లేచి చెప్పుల కోసం వెతుకుతున్నాడు.

క్లినిక్‌లో నర్సమ్మ వాళ్లను చూసి కంగారుపడింది. తాత నేరుగా కాటా దగ్గరికి వెళ్లి, పళ్లెంలో ఉన్న మెత్తటి గుడ్డ తీసి, జారుడు బరువును సున్నా గీత మీదికి తోశాడు. ఖాళీ పళ్లెం సమంగా నిలబడాలి. నిలబడలేదు. టక్కున పైకి లేచింది.

మాస్టారు ఆ లేచిన పళ్లేన్ని చూస్తూ ఉండిపోయాడు. ఏటా ప్రాక్టికల్ క్లాసు మొదటిరోజు అతను చెప్పేది ఒక్కటే పాఠం, శూన్యాంశ దోషం. పరికరం ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తోందో లేదో చూడకుండా కొలత మొదలుపెట్టినవాడు తన క్లాసులో పాసవ్వడని చాక్‌పీసు బల్లకేసి కొట్టి మరీ చెబుతాడు. ఆ మాస్టారే సోమవారం ఇదే కాటా ముందు నిలబడి, ముల్లు వంక తప్ప మరోవైపు చూడకుండా, గుడ్లప్పగించి అంకె రాసుకుని వెళ్లాడు.

"ఏడాదిగా సున్నా చూడలేదు తాతా," నర్సమ్మ నెమ్మదిగా అంది. "మీరు సరిచేసిందని..."

"నన్ను నమ్మి ముల్లును చూడ్డం మానేశావా తల్లీ?" అన్నాడు తాత. అని, తనే తల దించుకున్నాడు. "నిన్నేం అంటాన్లే. ఈ అబ్బాయి ఏడుపు మొహంతో వస్తే నేనూ నా కాటా గొప్పే చెప్పుకున్నాను. లేచి వచ్చి చూద్దామని తోచలేదు. ఇన్నేళ్లుగా వీళ్లందరికీ ఊపిరి తీయడం నేర్పుతున్నాను, నా పళ్లెమే ఊగింది."

ప్రెస్సాయన పరుగున డబ్బా తెచ్చాడు. తాత సీసం ముక్కల్ని వేళ్లతో కెలికి, అగ్గిపెట్టెంత ముక్క ఒకటి ఏరి పళ్లెం కింద పెట్టెలో పెట్టాడు. కాడ సమంగా నిలిచింది. ఆ ముక్కను పక్క బల్ల మీది చిన్న త్రాసులో వేస్తే రెండు వందల యాభై గ్రాములు తూగింది. మాస్టారికి కాగితం అక్కర్లేకపోయింది. ఎనిమిది వందలకు రెండు వందల యాభై కలిపితే, సోమవారం నాటికే పాప అయిదు కిలోలు దాటింది. అయినా నమ్మకం చాలక భార్యకు ఫోను చేశాడు.

ఆమె పాపతో వచ్చేసరికి క్లినిక్ గుమ్మంలో ఎనిమిది మంది శిష్యులు, లోపల ఒక గురువు, మధ్యలో తన మొగుడు. విషయం విని పాపను పళ్లెంలో పడుకోబెట్టింది. నర్సమ్మ బరువు జరిపింది. అయిదు కిలోల ఎనభై.

"నా భుజానికి డిగ్రీ లేదు కదా, అందుకని నమ్మలేదు," అంది భర్తతో. అన్నాక ఆమెకు ఏడుపు ఆగలేదు. డాక్టరమ్మ వచ్చి, ఖాళీ పళ్లేన్ని, నిండు పళ్లేన్ని తన కళ్లతో చూసుకుని, రక్తపరీక్ష కాగితం చించేసింది. డబ్బా పాల మాటా ఎత్తలేదు.

అక్కడితో మాస్టారి సంగతి అయిపోయింది. తాత సంగతి అప్పుడే మొదలైంది. అరవై కొట్లలో కాటాలు అబద్ధం చెబుతున్నాయి. కొన్నిచోట్ల కొట్టువాడు నష్టపోతున్నాడు, కొన్నిచోట్ల కొనేవాడు. డబ్బాలో సీసం ముక్కలన్నీ కలిసిపోయాయి, ఏది ఎక్కడిదో ప్రెస్సాయనకు తెలియదు. అన్నిటినీ ఖాళీ పళ్లెం నుంచి మళ్లీ సరిచేయాల్సిందే.

"నేను వస్తాను తాతా," అన్నాడు మాస్టారు. "సున్నా చూడ్డం నా పని."

"చూశాంగా నీ పని," అన్నాడు తాత. కానీ మర్నాడు సాయంత్రం అతను వచ్చేదాకా ఆగాడు.

తొమ్మిది రోజులు తిరిగారు. ముందు తాత, వెనక సీసం డబ్బాతో ప్రెస్సాయన, ఆ వెనక చిన్న త్రాసు చంకన పెట్టుకుని మాస్టారు. ఏ కాగితం ఏ కొట్టుదో తడుముకోకుండానే తాత చెప్పేవాడు. పాత ఇనుము కొనే కొట్టుకి వెళ్లినప్పుడు ఆయన చుట్టిన కాగితంలో ఇలా ఉంది:

తుప్పు పట్టినా కొంటారని తెలిశాక
నీ వీధి వైపు నడిచాను, నేస్తమా.

కూరల కొట్టులోది ఇది:

అందరికీ తూచి ఇచ్చావు.
నా వంతు వచ్చేసరికి నీ చెయ్యి జారింది, నేస్తమా.

కూరలామె తన కాటా కింద ఇన్నాళ్లూ ఏముందో అప్పుడే విన్నది. "నా చెయ్యి ఎప్పుడూ జారలేదు. ఎవరు చెప్పారు నీకు?" అని తాత మీదికి వచ్చింది. అది ఆమె చెయ్యి కాదని నచ్చజెప్పేసరికి చాలాసేపు పట్టింది.

ఆ నేస్తం ఎవరని మాస్టారు ఒకరోజు తాత ఇంట్లో ఆయన భార్యను, అవ్వను అడిగాడు. కొట్టు వెనక రెండు గదులే ఇల్లు. అవ్వ వాకిట్లో ముక్కాలి పీట మీద కూర్చుని మనవడి చొక్కాకు గుండీ కుడుతోంది. "నేనైతే కాదు నాయనా. యాభై ఏళ్లలో నాకు రాసిన చీటీల్లో సబ్బు, నూనె తప్ప ఇంకో మాట లేదు. దేవుణ్ణి గ్రాములతో సహా తూచేస్తాడు, కూరలో ఉప్పు చాలిందో లేదో మాత్రం నన్నడుగుతాడు."

"నీ నాలుకను మించిన కాటా లేదు కాబట్టి," అన్నాడు తాత లోపల్నుంచి.

"వినండి, ముసలాడికి ఇప్పుడొచ్చింది కవిత్వం!"

తన బతుకు ఎలా గడిచిందో తాత ఒక్కచోట కూర్చుని చెప్పలేదు. కొట్టుకీ కొట్టుకీ మధ్య నడకలో, అడిగితే కొంత, అడక్కపోతే కొంత చెప్పాడు. తండ్రి బస్తాలు మోసేవాడు. వీపు మీద మోసినంత బరువూ కాటా మీద పడడం లేదని గొణిగేవాడు. బస్తాలు మోయడం కన్నా వాటిని తూచేవి బాగుచేయడం మేలని కొడుకు ఈ పనిలో చేరాడు. ఇరవై రెండేళ్లకే చెయ్యి తిరిగింది. అయితే ఆ రోజుల్లో ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అడిగింది బాగుచేయమని కాదు, తమ వైపు కాస్త మొగ్గేలా చేయమని. చేసేవాడు. పళ్లెం కింద, ఎవరి కంటా పడని చోట, దొంగ సీసం. ఎంత పెడితే ముల్లు చెప్పదో, ఎంత పెడితే చెబుతుందో ఆయనకు తెలిసినంత ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. దొంగ సీసంలో దిట్ట అన్న పేరు కూడా ఆయనకు గర్వంగానే ఉండేది.

ఒకరోజు బొగ్గులు అమ్ముకునే ముసలమ్మ తక్కెడ బాగుచేయమని ఇచ్చింది. పాపం ముసలిది అని, అడక్కుండానే, ఆమె వైపు మొగ్గేలా సీసం పెట్టి ఇచ్చాడు. ఎనిమిదో రోజున ఆమె తక్కెడ నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చింది.

"బాబూ, ఇది నాతో అబద్ధం చెబుతోంది."

"నీ మంచికే అవ్వా."

"నేను అడగలేదే?"

ఆమె తిట్టలేదు. ఆ వారంలో తన దగ్గర బొగ్గులు కొన్న ఇళ్లన్నీ గుర్తుంచుకుంది. పందొమ్మిది. ఒక బస్తా బొగ్గులు ఆయన వీపు మీదికెత్తి, "పద" అంది. ఇల్లిల్లూ తిరిగి, తగ్గిన మేర ఇచ్చుకుంటూ పోయారు. తండ్రి వీపు మీది బరువు ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసిందని తాత అన్నాడు. పందొమ్మిదో ఇంటి ముందు బస్తా దించి చూసుకుంటే చొక్కా, వీపు, చేతులు నల్లగా ఉన్నాయి. ముసలమ్మ మాత్రం ఏదో లోపల్లోపల చెప్పుకుంటూ, దారంతా తిరిగినా అలుపు లేకుండా నిలబడి ఉంది. "ఏం చెప్పుకుంటున్నావు అవ్వా?" అని అడిగాడు. "ఆయన పేరు," అంది. "ఊపిరి ఎలాగూ తీయాలి కదా. ఊరికే పోవడం ఎందుకు?"

ఆమెకు చదువు రాదు. సూఫీ అన్న మాట ఆమె నోట ఒక్కసారే వచ్చింది, అదీ తన గురువు గురించి చెప్పినప్పుడు. పదకొండేళ్లు తాత రోజూ మధ్యాహ్నం ఆమె బొగ్గుల కుప్ప పక్కన కూర్చున్నాడు. చనిపోయే ముందు ఆమె అడిగింది ఒక్కటే. "నువ్వు దొంగ సీసం పెట్టిన చోట్లన్నీ నీకు గుర్తున్నాయి కదా?"

గుర్తున్నాయి. ఒక్కో కొట్టుకీ వెళ్లి ఒప్పుకున్నాడు. కొందరు నవ్వారు, ఒకాయన చెంప మీద కొట్టాడు. దొంగ సీసం తీసి అసలు ధడా పెట్టేటప్పుడు, దాన్ని ఉత్తగా పెట్టడానికి చెయ్యి రాలేదు. జేబులో ఉన్న చీటీ మీద తోచింది రాసి, దాంట్లో చుట్టి పెట్టాడు. అబద్ధం దాచిన చోటే ఇది కూడా దాగి ఉండనీ అనుకున్నాడు. అలా మొదలైంది.

"మెడలో ఉన్నది...?" అన్నాడు మాస్టారు.

"ఆ బొగ్గుల అవ్వ తక్కెడలోదే," అన్నాడు తాత, ఆ నల్ల ముక్కను చొక్కా లోపలికి తోసుకుంటూ.

ఈ కథ ఇరవై ఏళ్ల శిష్యరికంలో ప్రెస్సాయన ఎన్నడూ వినలేదు. తొమ్మిదో రోజు చివరి కొట్టు బయట నిలబడి, అప్పటికే కూర్చిన అచ్చు పేజీలన్నీ చింపేస్తానని అన్నాడు. తాత చేత్తో వారించాడు. "ఎందుకు చింపడం? నా చేతిరాత ఇప్పుడు పళ్లేల కిందికి పోయింది కదా. అచ్చులో ఉన్నది నీ చెమట. వేసుకో. పుస్తకం మొదట్లో మాత్రం ఒక మాట వెయ్యి, వీటి కోసం ఎవరూ పళ్లేల కింద చెయ్యి పెట్టొద్దని."

క్లినిక్ కాగితం ఒక్కటే మిగిలింది. మొదటిరోజు కంగారులో సీసాన్ని ఉత్తగానే పెట్టేశారు. తిరిగొస్తూ అక్కడ ఆగి, తాత దాన్ని తీసి కాగితంలో చుట్టబోతూ మాస్టారికి చూపించాడు.

వచ్చినవాడి బరువెంతో చూస్తున్నావు సరే,
పంపినవాడి చెయ్యి ఎంత నొచ్చిందో, నేస్తమా?

మాస్టారు రెండుసార్లు చదివాడు. కాగితం వెనక్కి ఇచ్చేటప్పుడు, మాటల్లో మాటగా అన్నట్టు అడిగాడు. "తాతా, ఆ ఇంటి కాటా ఒకటి..."

"అమ్మను."

"అరమీద ఉంది కదా, నేను చూశాను."

"ఉంది. నీకు అమ్మను. ఇంట్లో పెడితే నువ్వు పాపని కింద దించుతావా? పాల ముందు, పాల తర్వాత, తుమ్మితే, దగ్గితే. అది పళ్లెంలోనే పెద్దదైపోతుంది."

నర్సమ్మ నవ్వింది. మాస్టారు నవ్వలేకపోయాడు. "భయం వేస్తుంది తాతా. ఎంత చదివినా ఆగదు."

తాత ధడాను లోపల పెట్టి, దారం సరిచూసి, పళ్లెం మీద గుడ్డ పరిచాడు. కాడ నిలిచేదాకా చూసి, అప్పుడు చెప్పాడు.

గ్రాఫు కాగితం ఇప్పుడు మాస్టారి కాలేజీ బల్ల సొరుగులో ఉంది. వారానికి ఒక్క చుక్కే పెరుగుతోంది. సోమవారం సోమవారం క్లినిక్‌లో అతను ఆ ముసలాయన చెప్పిన వరస తప్పకుండా పాటిస్తున్నాడు. భార్య పక్కనే నిలబడి, మధ్యలో ఒక మెట్టు దాటేస్తాడేమోనని కనిపెడుతూ ఉంటుంది. తాత చెప్పింది ఇదీ:

"భయాన్ని ఆపమని నేను చెప్పను నాయనా, అది నాకూ చేతకాలేదు. వారానికి ఒక్కసారే తూయించు. ముందు ఖాళీ పళ్లెం చూడు. తర్వాత పాప మొహం చూడు, నవ్వుతోందా, నిన్ను వెతుక్కుంటోందా అని. ఆ తర్వాత మీ ఆవిడని అడుగు, భుజం ఏమంటోందని. ముల్లును అన్నిటికన్నా చివర చూడు."